హీరోయిన్ నోట అక్క మాట

పోయిన వారం కథ సినిమా హాలు మెట్ల దగ్గర ఆగింది. బావ చేతిలో మూడు టికెట్లు, అక్క చేతిలో తడిసిన గొడుగు, నా గుండెల్లో రాయి. ఆ రాయి సంగతి మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే ఈ సీరియల్ తెరిచినవాళ్ళకీ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నేను పరాయి భాష సినిమాలకి మన భాషలో మాటలు రాస్తాను. ఏడేళ్ళ కింద ఒక నవ్వుల ప్రేమ సినిమాకి రాశాను, బాగా ఆడింది. ఇప్పుడు దాని రెండో భాగం వచ్చింది, దానికీ నేనే రాశాను. అందులో హీరోయిన్ తన మొగుడి గురించి చెప్పే మాటలు, మా అక్క మా బావ గురించి నాకొక్కదానికే చెప్పుకున్న మాటలు. ఆ సినిమాకే బావ మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆపడానికి చేయని ప్రయత్నం లేదు. తలనొప్పి అన్నాను. లోపల చల్లగా ఉంటుంది, తగ్గిపోతుందన్నాడు బావ. సినిమా అంత బాగా రాలేదు అన్నాను. "రాసినవాళ్ళు అలాగే అంటారమ్మా, కూర చేసినవాళ్ళు ఉప్పు తక్కువైందేమో అన్నట్టు," అని నా భుజం మీద తట్టి లోపలికి నడిచాడు. నడుస్తూ మెట్లు లెక్కపెట్టాడు. ఇరవై రెండు.

బావ నీళ్ళ పంపింగ్ స్టేషన్‌లో పని చేస్తాడు. అక్కడ మనిషంత వాల్వులుంటాయి. ఎన్ని చుట్లు తిప్పామో లెక్క తప్పితే ఊరికి నీళ్ళు తప్పుతాయి. అందుకని ఏం చేసినా పైకి లెక్కపెట్టడం అలవాటైపోయింది ఆయనకి. పిల్లనిచ్చే ముందు మా నాన్న ఈ అలవాటు చూసి, మనిషి జాగ్రత్తపరుడు అని మురిసిపోయాడు. ఏడాదిన్నరగా బావ ఉద్యోగం వేరే ఊళ్ళో, సెలవులకే ఇంటికొస్తాడు.

"మధ్యలో నువ్వు కూర్చో వసపిట్టా," అన్నాడు బావ. నన్ను ఆయన మొదటినుంచీ పిలిచే పేరు అదే, నోరు మూతపడదని. "నాకేదైనా అర్థం కాకపోతే నిన్నడుగుతా. మీ అక్కకి అర్థం కాకపోయినా నిన్నే అడుగుతుంది."

"మన భాషలోనే ఉంటుంది బావా. అర్థం కాకపోవడానికేముంది."

"అయినా సరే. రాసిన మనిషి మధ్యలో ఉంటే ఆ మర్యాద వేరు."

మర్యాద. ఆ మాటకి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పాప్‌కార్న్ డబ్బా నా ఒళ్ళో పెట్టారు, ఇటునుంచి అక్క చెయ్యి, అటునుంచి బావ చెయ్యి దాంట్లోకి వస్తాయి. లైట్లు ఆరాయి. నా పేరు తెర మీద పడి రెండు సెకన్లు నిలిచింది. బావ చప్పట్లు కొట్టాడు. హాలంతటికీ ఆయనొక్కడే. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూస్తే, "మా మరదలండీ, మాటలన్నీ తనవే," అని చెప్పాడు. కావు బావా, అన్నీ నావి కావు, అని లోపల్లోపలే చెప్పుకున్నాను.

మొదటి భాగం ఆ జంట పెళ్ళితో అయిపోయింది. రెండో భాగం పెళ్ళయిన ఏడేళ్ళకి మొదలవుతుంది. ఇప్పుడు వాళ్ళు తువ్వాలు గురించి పోట్లాడుకుంటారు, తాళంచెవులు పోగొట్టుకుంటారు, ఒకరి పుట్టినరోజు ఒకరు మర్చిపోతారు. జనం బాగానే నవ్వుతున్నారు. అక్క కూడా నవ్వుతోంది. మొదటి భాగాన్ని అక్కా బావా నిశ్చితార్థమైన కొత్తలో మూడుసార్లు చూశారు. అందులో మాటలు ఇద్దరికీ కంఠతా వచ్చు. "వీళ్ళు కూడా ముసలివాళ్ళయిపోయారే మనలాగా," అంది అక్క నా చెవిలో. ఆ మాట బావతో చెప్పాల్సింది. మధ్యలో నేనున్నాను కాబట్టి నాకు చెప్పింది.

నేను మాత్రం నిమిషాలు లెక్కపెడుతున్నాను. ఆ సీను విశ్రాంతికి ఆరు నిమిషాల ముందు వస్తుంది.

అది ఎలా రాశానో చెప్పకపోతే మీరు నన్ను ఒట్టి దుర్మార్గురాలనుకుంటారు. చెప్పాక కూడా అనుకోవచ్చు, అది మీ ఇష్టం. మా పనిలో అర్థం కంటే ముందు పెదవులు చూసుకోవాలి. తెర మీద మనిషి పెదవులు మూసిన చోట మన మాటలోనూ పెదవులు మూతపడే అక్షరం పడాలి, ప కానీ బ కానీ మ కానీ. లేకపోతే మనిషి ఒకటి మాట్లాడుతూ గొంతు ఇంకొకటి పలికినట్టుంటుంది. ఈ సీనులో హీరోయిన్ ముఖం తెరనిండా ఉంటుంది, నలభై సెకన్లు, తప్పించుకోడానికి సందు లేదు. అసలు భాషలో ఆవిడ చెప్పేది వాళ్ళ దేశపు ఆటేదో దాని మీద హాస్యం. ఇక్కడ ఒక్కరికి కూడా నవ్వు రాదు. పదకొండు రకాలుగా రాసి కొట్టేశాను. మర్నాడే హీరోయిన్ డబ్బింగ్. నా నోట్లోనే నేను గొణుక్కుంటూ తెర చూస్తుంటే, అంతకు ముందు ఆదివారం నా వంటగట్టు మీద కూర్చుని అక్క అన్న మాట నా నోటికొచ్చింది. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పెదవులు మూయాల్సిన ప్రతిచోటా మూతపడ్డాయి.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణాన పొంగిపోయాను. అక్క గుర్తుకే రాలేదు. తర్వాతైనా రాలేదా అంటే, వచ్చింది. డబ్బింగ్ అయిపోయాక రెండు రోజులు తిండి సయించలేదు. రికార్డిస్టుకి ఫోన్ చేసి ఆ ముక్క మార్చేద్దామా అన్నాను. "ఆ మాటకి ఇక్కడ అందరం పడీపడీ నవ్వామమ్మా. దాన్ని తీస్తే నిర్మాత నన్ను తీసేస్తాడు," అన్నాడు. ఇంకో మాట అనకుండా పెట్టేశాను. గట్టిగా పట్టుబడితే మార్చేవాడే. మాట బాగుందని నాకూ తెలుసు, అందుకే పట్టుబట్టలేదు.

సీను వచ్చింది. హీరోయిన్ తన స్నేహితురాలితో గుమ్మంలో కూర్చుని ఉంది.

"మీ ఆయనంటే నీకు ప్రేమ లేదా ఏంటే?" అంది స్నేహితురాలు.

"ఎందుకు లేదు? ఆయన ఊళ్ళో లేనప్పుడు బోలెడంత ప్రేమ," అంది హీరోయిన్. "దిండ్లు రెండూ నావే. కిటికీ నాదే. ఇల్లంతా నాదే."

హాలు ఘొల్లుమంది. బావ తొడ చరుచుకున్నాడు. "భలే రాశావు," అన్నాడు నా వైపు వంగి. ఇటువైపు పాప్‌కార్న్ డబ్బాలోకి వచ్చిన అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తిరిగొచ్చేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకుంటూ వస్తాడు, పైకి వినపడేలా," అంది హీరోయిన్. "పద్నాలుగో మెట్టు దాకా నా ముఖం నాది. ఆ తర్వాత నవ్వు తగిలించుకుని తలుపు తీస్తాను."

అంతకు రెండింతలు నవ్వారు జనం. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. బావ కూడా నవ్వుతున్నాడు, కానీ ఆ నవ్వు సగంలో చిక్కింది. పెదవులు కదలడం నాకు కనిపించింది. పద్నాలుగు, అనుకుంటున్నాడు. అక్కావాళ్ళింటి మెట్లూ పద్నాలుగే, అది ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అక్క తన చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను తెరకేసి చూస్తూ కూర్చున్నాను.

విశ్రాంతి లైట్లు వెలిగాయి. "తాగడానికేమైనా తెస్తాను," అని బావ ఎవరి ముఖమూ చూడకుండా లేచి వెళ్ళాడు. మెట్లు దిగుతున్నాడు. లెక్క వినపడలేదు.

అక్క నా వైపు తిరగలేదు. ఎదురుగా ఖాళీ తెరనే చూస్తూ అంది, "ఎంతమంది చూశారే ఇప్పటిదాకా?"

"అక్కా..."

"అడుగుతున్నాను కదా. ఎన్ని ఊళ్ళలో ఆడుతోంది?"

నూట ఎనభై హాళ్ళు. ఆ అంకె నోటికి రాలేదు. "తప్పయిపోయింది అక్కా. గడువు ముంచుకొచ్చేసింది, ఏమీ తోచలేదు, అప్పుడు..."

"ఏమీ తోచకపోతే నన్ను తీసి అమ్మేశావు." అక్క గొంతు పెంచలేదు. పెంచితే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. "నేను నీతో నవ్వుకోడానికి చెప్పాననుకున్నావా అది? ఏడవడానికి ముఖం చెల్లక అలా చెప్పాను. రోజూ కళ్ళద్దాల షాపులో వందమంది కళ్ళకి అద్దాలు పెట్టి, ఇప్పుడు కనపడుతోందా అని అడుగుతాను. నా ఇంట్లో నాకేం కనపడుతోందో నీకొక్కదానికే చెప్పుకున్నాను. అంతమందీ ఎలా నవ్వారే..."

"నీ మాటని ఎవరు పోల్చుకుంటారు అక్కా. సినిమా కదా."

"ఆయన పోల్చుకున్నారు."

ఏ ముఖం పెట్టుకుని ఏం చెప్పను. మా చిన్నప్పుడు నేను గాజు జగ్గు పగలగొడితే అది తనే కొట్టిందని చెప్పి దెబ్బలు తిన్న మనిషి ఈవిడ. పరీక్ష ఫీజుకి తన చెవి కమ్మలు తీసిచ్చిన మనిషి. ఆవిడ పక్కన కూర్చుని, సినిమా కదా, అంటున్నాను నేను.

అక్క చేతిసంచి సర్దుకుంది. పోనీ ఇంటికి వెళ్ళిపోదాం అంటుందేమో అని ఆశపడ్డాను. ఆ ఆశకి ఇంకో కారణం ఉంది. అది ఇప్పటిదాకా మీకూ చెప్పలేదు.

ఈ సినిమాలో బావ మాట కూడా ఉంది.

నిరుడు ఒక పని మీద బావ ఉండే ఊరికి వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు నన్ను బస్సెక్కించడానికి వచ్చాడు. బస్సు గంటన్నర ఆలస్యం. బల్ల మీద కూర్చుని ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ, ఉన్నట్టుండి అన్నాడు. "నీకొకటి చెప్తాను, మీ అక్కకి చెప్పకు. ఈ ఊరికి నన్నెవరూ వేయలేదు. నేనే దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంట్లో నేనుంటే తను ఏదో పరీక్ష రాస్తున్నట్టుంటుంది వసపిట్టా. అది చూడలేకపోయాను." నేను చెప్పనని ఒట్టు పెట్టాను. అక్కతో చెప్పలేదు కూడా. హీరో నోట చెప్పించాను.

ఎందుకంటే ఏం చెప్పను. ఒకసారి అలవాటుపడ్డ చెయ్యి ఊరుకోలేదు. విశ్రాంతి తర్వాత పందొమ్మిదో నిమిషంలో హీరో ఓడరేవులో తన మిత్రుడితో మాట్లాడుతుంటే పెదవులు సరిగ్గా ఆ మాటలకి కలిశాయి. ఇద్దరివీ రెండు వేర్వేరు రోజుల్లో రాశాను. ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలనీ, ఒకే హాల్లో కూర్చుంటారనీ నా మట్టిబుర్రకి తట్టనేలేదు.

ఇక్కడ అక్క సంగతి ఒకటి మీకు తెలియాలి. బావని తిరిగి ఈ ఊరికి వేయమని ఆవిడ ఈ ఏడాదిన్నరలో పెద్దాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. సెలవు పెట్టుకుని వెళ్ళి, ఆఫీసరు గది బయట బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఆయన లేనప్పుడు తనకి హాయిగా ఉందన్న నేరం ఎలా కడుక్కోవాలో తెలియక, ఆయన్ని వెనక్కి తెప్పించడానికి కాళ్ళరిగేలా తిరిగింది. వచ్చే నెలలో ఆర్డరు రావచ్చంటున్నారు.

"వెళ్ళిపోదాం అక్కా," అన్నాను. "నాకు నిజంగా బాగోలేదు."

"నువ్వు వెళ్ళు. ఇంకా ఏమేం రాశావో చూడకుండా నేను కదలను." అప్పుడు మొదటిసారి నా కళ్ళలోకి చూసింది. "నావి ఇంకా ఉన్నాయా?"

"లేవక్కా. నీ మాటలు ఇంకేమీ లేవు."

నిజమే చెప్పాను. నా జన్మలో నేను చెప్పిన నిజాల్లో అంత నీచమైంది ఇంకోటి లేదు.

బావ మూడు కూల్‌డ్రింకులు రెండు చేతుల్లో ఇరికించుకుని వచ్చాడు. ముందు అక్కకి ఇచ్చాడు, తర్వాత నాకు. కూర్చున్నాడు. స్ట్రా కాగితం చించి ఉండలా చుట్టాడు.

"ఆ భాషలో కూడా పద్నాలుగేనా?" అన్నాడు.

మామూలుగా అడిగినట్టే అడిగాడు. "అవును బావా. అక్కడా పద్నాలుగే. వాళ్ళిల్లు చూపించారుగా, మెట్లు..."

"అబద్ధం," అంది అక్క.

ముందు వరసాయన వెనక్కి తిరగబోయి మానుకున్నాడు.

"అది నా మాటేనండీ," అంది అక్క. నన్ను దాటి బావ వైపు వంగింది. "నేనే అన్నాను, దీనితో. దిండ్ల సంగతీ, మెట్ల సంగతీ అన్నీ నేనన్నవే. అది రాసింది, అంతే. దాన్నేం అడగొద్దు."

ఇంత జరిగినా, నన్నేమీ అడగొద్దంటోంది. గాజు జగ్గు రోజు నుంచీ ఇంతే ఈ మనిషి. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఏడ్చే అర్హత కూడా లేదని తెలిసి పెదవి కొరుక్కున్నాను.

బావ చేతిలోని కాగితం ఉండని మళ్ళీ విప్పి, సాపు చేసి, మళ్ళీ చుట్టాడు. "సరేలే," అన్నాడు చివరికి. "డ్రింకు తాగు, చల్లారిపోతుంది." చల్లటిది చల్లారడమేమిటో ఆయనకీ తెలియలేదు, మాకూ నవ్వు రాలేదు. లైట్లు ఆరాయి.

ఆ పందొమ్మిది నిమిషాలు నేను ఏం చూశానో అడగకండి. తెర మీద హీరోయిన్ ఒక పెళ్ళి విందులో కేకు మీద పడింది, హీరో తప్పు రైలెక్కాడు, జనం విరగబడి నవ్వుతున్నారు. నేను మాత్రం కరెంటు పోతే బాగుండుననీ, మిషను పాడైతే బాగుండుననీ మొక్కుకుంటున్నాను. పద్దెనిమిదో నిమిషంలో లేచి నిలబడ్డాను. "అక్కా, కళ్ళు తిరుగుతున్నాయి, నన్ను బయటికి తీసుకెళ్ళవా," అన్నాను.

"కూర్చో," అంది. నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "అన్నీ చూసే వెళ్దాం."

ఓడరేవు వచ్చింది. హీరో తాళ్ళచుట్ట మీద కూర్చున్నాడు. మిత్రుడు అడిగాడు, "పాపం, నిన్నింత దూరం ఎవర్రా వేసింది?"

"ఎవరూ వేయలేదు," అన్నాడు హీరో. "నేనే బతిమాలి వేయించుకున్నాను. ఇంట్లో నేనుంటే మా ఆవిడ పరీక్ష రాస్తున్నట్టుంటుంది. పేపరు దిద్దలేక పారిపోయొచ్చాను."

చివరి ముక్క నా సొంతం. నవ్వు కోసం కలిపాను. అనుకున్నట్టే హాలంతా నవ్వింది.

నేను బావ వైపు చూడలేదు, చూసే ధైర్యం లేక అక్కని చూశాను. అక్క నవ్వుతోంది. విశ్రాంతి తర్వాత అదే మొదటి నవ్వు, తగిలించుకున్నది కాదు. ఆవిడకేమీ అనుమానం రాలేదు. తప్పించుకున్నాం, ఇంక అరగంటే, తర్వాత ఇంటికెళ్ళి అక్క కాళ్ళు పట్టుకుంటాను, ఇంకెప్పుడూ ఎవరి మాటా ముట్టుకోను, అని గబగబా లెక్కలేసుకుంటున్నాను. బావ నోరు విప్పడు. విప్పాల్సిన అవసరమే లేదు.

అక్క మళ్ళీ నన్ను దాటి వంగింది. ఏదో ఒకటి చెప్పి బావని మంచి చేసుకోవాలని ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"వింటున్నారా?" అంది, ఆ నవ్వుతోనే. "ఇలాంటివాడు నా మొగుడైతే నేను చచ్చూరుకునేదాన్ని. నయం, మిమ్మల్ని ఆ దిక్కుమాలిన ఆఫీసరు బలవంతాన వేశాడు. నేననరాని మాటలన్నాను, నిజమే. కానీ మీరు లేరన్న దిగులు లేదని మాత్రం అనుకోకండి. మిమ్మల్ని తెప్పించడానికి ఎంత తిరిగానో, ఆఫీసు బయట ఎన్ని రోజులు కూర్చున్నానో దీన్నడగండి."

బావ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఓడరేవులో నీళ్ళ వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. నేను ఆయన మోచేతి మీద చెయ్యి వేసి నొక్కాను, వద్దు బావా, అని. ఆ చేతిని తీసి మెల్లిగా నా ఒళ్ళో పెట్టాడు.

"తిరగాల్సింది కాదు నువ్వు," అన్నాడు. "నన్నే ఆఫీసరూ వేయలేదు. అక్కడ వాడు చెప్పింది నా మాటే. నేనే అడిగి వెళ్ళాను."

అక్క నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్నేం చేయాలో ఆవిడకి తెలియలేదు.

"నువ్వు ఆఫీసు బయట కూర్చున్నన్ని రోజులూ," అన్నాడు బావ, "ఆ సంగతి నీ చెల్లెలికి తెలుసు."